ఉమ్మెత్త ఆకు రంగు

ఇంటర్ రెండో సంవత్సరంలో మా క్లాసులో పద్దెనిమిది మంది బోటనీ రికార్డులు నేనే గీశాను. నందిగామలో మాది ఆడపిల్లల కాలేజీ. మందార పువ్వు నిలువుకోత, ఆముదం కాండం అడ్డుకోత, ఉల్లి వేరు కొస, ఏదడిగినా బొమ్మకొక సమోసా చొప్పున గీసిపెట్టేదాన్ని. అన్నీ ఒకేలా ఉంటే దొరికిపోతామని ఒకదాంట్లో పెన్సిల్ గట్టిగా నొక్కేదాన్ని, ఇంకోదాంట్లో కావాలనే గీత కాస్త వంకర పోనిచ్చేదాన్ని. ఎవరూ కనిపెట్టలేరనుకున్నాను.

మా బోటనీ మేడమ్ ఆ రికార్డులన్నీ బల్ల మీద పరిచి, ఒక్కొక్కటీ తిరగేసి, తలెత్తకుండానే అంది: "పద్దెనిమిది మందికి ఒకటే చెయ్యి. అదెవరిదో లేచి నిలబడండి."

లేచాను. ఆవిడ నన్ను తిట్టలేదు. పద్దెనిమిది రికార్డుల్లోంచీ బొమ్మల కాగితాలు చింపి చెత్తబుట్టలో వేసింది. "వారం టైమిస్తున్నా. ఎవరివి వాళ్ళు గీసుకురండి. ఈ పిల్ల దగ్గరికి మళ్ళీ ఎవరన్నా వెళ్ళారో, ప్రాక్టికల్స్‌లో చూసుకుందాం" అంది. ఆ రోజు నుంచి పరీక్షలయ్యేదాకా క్లాసులో నాతో ఎవరూ మాట్లాడలేదు. పక్కన కూర్చునే పిల్ల కూడా బెంచీ మారిపోయింది.

పరీక్షలైపోయిన రోజు వరండాలో మేడమ్ ఎదురుపడింది. "ఆదివారం పేటకి రా. బ్రష్షులవీ కొనమాక, నేనిస్తా" అంది. ఎందుకో చెప్పలేదు. నేను అడగనూ లేదు. ఇంటికెళ్ళి చెబితే, ఆటో తుడుచుకుంటున్న మా అబ్బా, "అంత పెద్ద మేడమ్ ఊరికే పిలుస్తారా? ఎళ్ళు" అన్నాడు.

పేట అంటే మాకు జగ్గయ్యపేట. బజారులో ఆవిడ తమ్ముడిది హోల్‌సేల్ కిరాణా కొట్టు. కింద కొట్టూ గోడౌనూ, పైన ఆవిడ వాటా. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. మెట్లెక్కుతుంటేనే కింద బస్తాల్లోని ఎండుమిర్చి ఘాటు గొంతులో పడేది. బొమ్మ వేస్తూ తుమ్మితే ఆ కాగితం పని అయిపోయినట్టే. అందుకని తుమ్ము వచ్చేలా ఉంటే ముందు బ్రష్షు వదిలి, తర్వాత ముక్కు పట్టుకోవడం నేర్చుకున్నాను. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

ఆరు నెలల పాటు మొక్క వెయ్యనివ్వలేదు. కాగితం మీద చదరాలు గీయించి, ఒక్కో చదరంలో నీళ్ళరంగు పూత పూయించేది. మొదటి పూత గంజిలో నీళ్ళు కలిపినంత పలచగా ఉండాలి. అది పూర్తిగా ఆరాకే రెండోది. ఆరిందో లేదో వేలితో ముట్టకూడదు, వేలికి జిడ్డుంటుంది. చేతి వెనక వైపు ఆనించి చూడాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. ఆ తడి మీద ఇంకో పొర వేస్తే కింది పొర లేచి వచ్చి, రెండూ కలిసి బురదవుతాయి. అలా పన్నెండు, పదిహేను పొరలు వేస్తేగాని ఆకు ఆకులా కనపడదు.

రంగులు మూడే ఇచ్చింది: ఒక నీలం, ఒక పసుపు, ఒక ఎరుపు. ఆకుపచ్చ ట్యూబు ఆ ఇంట్లో లేదు. "చింతాకు పచ్చ వేరు, వేపాకు పచ్చ వేరు. పొద్దున చింతాకు వేరు, సాయంత్రం చింతాకు వేరు. అదంతా ఒక ట్యూబులో ఎలా పడుద్దమ్మా?" అనేది. ఆ మాట విన్న రోజు బస్సులో నందిగామ వచ్చేదాకా కిటికీలోంచి చెట్లే చూశాను. పదిహేడేళ్ళు ఆ రోడ్డు మీద తిరిగి, చెట్లన్నీ ఒకే పచ్చ అనుకున్నానా అని సిగ్గేసింది. ఆవిడ ఎంత కఠినంగా ఉన్నా తొమ్మిదేళ్ళు ఆ మెట్లెక్కడానికి కారణం అదే.

కఠినం అంటే ఎంత కఠినమో ఒకటి చెబుతాను. వత్సవాయిలో మా పెద్దమ్మ వాళ్ళు కౌలుకి పత్తి వేశారు. పత్తి పువ్వు విచ్చిన రోజు లేత పసుపు, మర్నాటికి గులాబీ. ఒకే కొమ్మ మీద రెండు పువ్వులూ వెయ్యాలని నేను మూడు వారాలు కూర్చున్నాను. పసుపు కనపడీ కనపడనట్టు ఉండాలి, గులాబీ రేక అంచు నుంచి లోపలికి పాకినట్టుండాలి. వేశాను. నా జన్మలో అంత బాగా ఏదీ వెయ్యలేదు. కాయ కింద నీడ మాత్రం ఎంతకీ కుదరక, మా తమ్ముడి స్కూలు రంగుల డబ్బాలోంచి చిటికెడు నలుపు తీసి కలిపాను.

మేడమ్ కాగితం తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళింది. "ఈ నలుపు ఎక్కడిది?" అంది.

"నీడ కుదరలేదండి, కొంచెమే..."

ఆవిడ బాత్‌రూమ్‌లోకెళ్ళి కాగితాన్ని బకెట్లో ముంచింది. వెనకే వెళ్ళి నిలబడ్డాను. మూడు వారాల గులాబీ నీళ్ళలో పొగలాగా తేలి పోయింది. తడి కాగితం నా చేతిలో పెట్టి, "నీ చెయ్యి మంచిదే. కన్నే సోమరిది. నీడలో నలుపుండదని చూస్తే కనపడుద్ది. నువ్వు చూళ్ళేదు" అంది.

అది ఒప్పుకుంటాను. నలుపు తప్పే. నేను ఒప్పుకోలేనిది ఇంకోటి. మా అమ్మీ ఇంట్లో మిషను కుడుతుంది. నేను వెళ్ళడం మొదలెట్టిన మూడో ఏట రంజాన్ ముందు, పండగ బట్టల ఒత్తిడిలోనే తీరిక చేసుకుని, జాకెట్ ముక్కలన్నీ అతికి, బ్రష్షుకొక అర చొప్పున పన్నెండు అరలతో మేడమ్ కోసం ఒక సంచీ కుట్టింది. చుట్టి ముడేసుకునేలా నాడా కూడా పెట్టింది. "మా అమ్మాయికి విద్య చెప్తున్నారు, నేనేం ఇవ్వగలను" అంటూ తనే వచ్చి ఇచ్చింది. మేడమ్ దాన్ని తిప్పి చూసి, "గుడ్డ మెత్తగా ఉంది. బ్రష్షులు తుడవడానికి బావుంటుంది" అని, తడి బ్రష్షు అప్పటికప్పుడే దాని మీద తుడిచింది. అమ్మీ నవ్వింది. మెట్లు దిగుతూ, "పనికొచ్చిందిగా" అంది. బస్సులో నందిగామ వచ్చేదాకా ఇంక మాట్లాడలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ సంచీ మీద రంగు మరకలు పెరగడం చూస్తూ నేను బొమ్మలు వేశాను.

డిగ్రీ అయింది. నందిగామలోనే ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. మేడమ్ రిటైరై, మా మెట్ట ప్రాంతంలో రోడ్ల పక్కన పెరిగే మొక్కలు నలభై వేసి, పాత కాలేజీ హాల్లో ప్రదర్శన పెట్టాలని మొదలుపెట్టింది. తంగేడు, జిల్లేడు, ఉత్తరేణి, పల్లేరు, ఉమ్మెత్త. ఎవరూ ఆగి చూడని మొక్కలే కావాలంది. ఆదివారాలు నా పని వెళ్ళి మొక్కలు తేవడం, వాటి మీది సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము కడగడం, సాసర్లు కడగడం. వేసిన బొమ్మలు ఎవరికీ చూపేది కాదు. ఆరగానే న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి బీరువాలో దాచేది. ఆవిడకి ఇంకో పట్టుదల ఉండేది. పెన్సిల్ గీతకే మొక్క కావాలి, రంగుకి అక్కర్లేదు. మూడో పొర వేసే సరికి మొక్క ఎలాగూ వాడిపోతుంది, రంగు బుర్రలో ఉండాలి అనేది. నలభై ఏళ్ళు ఆకులు చూసిన బుర్ర. అది తప్పు చెప్పదనుకునేది.

ఒక ఆదివారం రంగులు కలిపే తెల్ల పింగాణీ సాసర్ నా మీదికి తోసి, "సరిగ్గా కడగలేదు. పసుపుంది" అంది.

చూశాను. తెల్లగా మల్లెపూవులా ఉంది. అయినా కడిగి తెచ్చాను.

"ఇంకా ఉంది."

మళ్ళీ కడిగాను. మూడోసారి కూడా కడిగించి, విసుక్కుని అలాగే వాడుకుంది. ఆ పూట ఆవిడ ఉమ్మెత్త వేస్తోంది. ఆకుకి పచ్చ కలుపుతూ నీలం వేసింది, చూసింది, ఇంకాస్త నీలం వేసింది. "ఈ మధ్య రంగుల్లో కూడా కల్తీ. ఎంత నీలం పోసినా పండుటాకులాగే వస్తోంది" అంది.

నా చేతిలో ఉన్న ఉమ్మెత్త ఆకు ముదురు పచ్చగా ఉంది. కాగితం మీది ఆకు నీలిమందు పూసినట్టుంది.

అప్పుడు మా దాదీ, అబ్బా వాళ్ళమ్మ, గుర్తొచ్చింది. కంట్లో శుక్లాలు ముదిరినప్పుడు ఆమె రోజూ అమ్మీతో పోట్లాడేది, పాలలో పసుపెందుకు కలిపావని. ఆపరేషనయ్యాక పాలు చూసి ఏడ్చింది. నాకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. మేడమ్ కళ్ళకి తెలుపు పసుపైంది. నీలం ఆనడం లేదు.

చెప్పడానికి నోరు తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడే ఆవిడ బ్రష్షు ఆ సంచీ మీద తుడిచి, కాగితం ఎత్తి నా వైపు తిప్పింది. తొమ్మిదేళ్ళలో ఎన్నడూ అడగని మాట అడిగింది.

"చూడు. సరిపోయిందా?"

"సరిపోయిందండి" అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు నాకు భయం వెయ్యలేదు, జాలి కలగలేదు. నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టుంది. ఇంటికెళ్ళాక ఆ రోజు అన్నం కూడా ఎక్కువ తిన్నాను.

అలా ఎనిమిది నెలలు. ఆ మొదటి మాట తర్వాత ఆవిడ ప్రతి బొమ్మకీ నన్ను అడిగేది. ఒక్కోసారి ఆకు పక్కన పెట్టి చూసుకునేది కూడా. నీలమే ఆనని కళ్ళకి రెండూ ఒకటిగానే కనపడేవి. జిల్లేడు పువ్వులోని లేత ఊదా సిరా మరకలా తయారైంది. తంగేడు పువ్వుకి పలచని పసుపు పొర వేస్తే, అది కాగితం మీద ఉందో లేదో ఆవిడకి తెలిసేది కాదు. దాంతో పొర మీద పొర వేసి, ఎరుపు తగిలించి, చివరికి మట్టి చేసింది. "సరిపోయిందా?" "సరిపోయిందండి." ఇరవై రెండు బొమ్మలు. మధ్యలో నేను వేసిన ఒక ఆకు సరైన పచ్చలో ఉంటే, "వాడిపోయినట్టుంది, నీలం తగిలించు" అని తిట్టింది. తగిలించాను.

ఒక్కసారి దారి దొరికింది. పల్లేరు వేస్తూ బ్రష్షు దించి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత మెల్లగా, "నా కళ్ళకేమన్నా అయిందంటావా?" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అడిగింది నన్ను కాదేమో, తనని తానే అడుక్కుందేమో అనిపించేంత చిన్నగా ఉంది.

"అబ్బే, మీ కళ్ళకేమవుతుందండీ" అన్నాను. ఆవిడ ఊపిరి వదిలి మళ్ళీ బ్రష్షు తీసుకుంది.

ప్రదర్శన రోజు వచ్చింది. హాలు గోడలకి నలభై బొమ్మలు. గుమ్మం పక్కన, లోపలికొచ్చేవాళ్ళ కంట ముందు పడే చోట, నావి రెండు పెట్టనిచ్చింది. ఉత్తరేణి ఒకటి, నేలవేము ఒకటి. ఇంట్లో కూర్చుని, ఆవిడకి చూపకుండా, నా కళ్ళకి కనపడ్డ పచ్చతో వేసినవి. ఆవిడ పట్టుచీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. పాత విద్యార్థినులు, ఊళ్ళో పెద్దలు, బెజవాడ నుంచి ఇద్దరు ముగ్గురు బోటనీ లెక్చరర్లు వచ్చారు.

గోడల్లో ఒక సగం పొడుగునా జనం మెచ్చుకుంటూ నడిచారు. రెండో సగం దగ్గరికొచ్చే సరికి మాటలు ఆగిపోయాయి. ఒక చిన్నపిల్ల, "మమ్మీ, ఆకులు నీలంగా ఉన్నాయేంటి?" అని గట్టిగా అడిగింది. తల్లి దాని నోరు మూసింది. బెజవాడ నుంచి వచ్చిన ఒకాయన మర్యాదగా, "ఇవి ఊహించి వేసినవాండీ, మేడమ్?" అన్నాడు.

"ఊహేంటి? రోడ్డు పక్క ఉమ్మెత్తే. మీరు చూళ్ళేదా?" అంది మేడమ్.

ఆయన పక్కకి తప్పుకున్నాడు. అప్పుడు ఆవిడ తమ్ముడు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "అక్కా, ఇవన్నీ ఇంత నీలంగా ఉన్నాయేందే? గుమ్మం కాడ ఆ పిల్లవి పచ్చగానే ఉన్నాయిగా" అన్నాడు.

ఆవిడ గోడ వైపు చూసింది. దగ్గరికెళ్ళి చూసింది. కళ్ళజోడు తీసి చూసింది. తర్వాత జనంలో నా కోసం వెతికింది. నేను నా బొమ్మల దగ్గర నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించాను. వెనక ఎవరో ఆడమనిషి, "చూపు పోయినట్టుంది, పాపం" అంది. ఆ పాపం అన్న మాట ఆవిడకి వినపడింది. అది వినపడినప్పుడు ఆవిడ మొహం ఎలా అయిందో నేను చూశాను. చూడాలనే కదా ఎనిమిది నెలలు ఆగింది. చూశాక మాత్రం అక్కడ నిలబడలేకపోయాను. బడి పిల్లల పేపర్లు దిద్దాలని అబద్ధం చెప్పి ఇంటికొచ్చేశాను.

తమ్ముడు ఆవిడని బెజవాడ తీసుకెళ్ళి రెండు కళ్ళకీ నెల తేడాతో ఆపరేషన్లు చేయించాడని తెలిసింది. ఆ తర్వాత ఫోనొచ్చింది. "ఆదివారం రా" అంది, అంతే.

వెళ్ళాను. ఇరవై రెండు బొమ్మలూ గది నిండా నేల మీద పరిచి ఉన్నాయి. ఆవిడ నల్ల కళ్ళజోడు పెట్టుకుని వాటి మధ్య పీట మీద కూర్చుంది. నన్ను కూర్చోమనలేదు.

"తంగేడు మట్టిలా ఉంది. జిల్లేడు సిరా ఒలికినట్టుంది. ఇది చూడు, ఉమ్మెత్త. ఆకా ఇది?"

"కాదండి."

"నిన్ను అడిగానా, లేదా?"

"అడిగారండి."

"నీకు కనపడలేదా?"

అక్కడ ఆవిడ నాకు ఒక తలుపు తెరిచిపెట్టింది. కనపడలేదండీ అంటే సరిపోయేది. ఆవిడ నమ్మేది, నమ్మాలనే అడిగింది. సోమరి కన్ను అని ఇంకోసారి తిట్టి వదిలేసేది. కానీ అదొక్కటీ నేను అనలేకపోయాను. దుర్మార్గురాలినని ఒప్పుకోవడానికి సిద్ధపడ్డాను గానీ, నా కంటికి ఆ నీలం కనపడలేదని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

"మొదటి రోజు నుంచీ కనపడిందండి" అన్నాను.

కింద గోడౌన్‌లో ఎవరో బస్తా దబ్బున పడేశారు.

"ఎందుకు?"

"మా అమ్మీ కుట్టి తెచ్చిన సంచీ..." అన్నాను.

"ఏం సంచీ?" అంది ఆవిడ.

నిజంగానే గుర్తులేదు. మొహంలో నటన లేదు. బల్ల మీద, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఆ సంచీ ఉంది. రంగులన్నీ కలిసి ఎండి అట్టలా బిగుసుకుపోయి ఉంది. నేను దాని వైపు వేలు చూపలేదు. ఏడేళ్ళు మోసిన కోపానికి కారణం ఆవిడకి ఒక తుడుపు గుడ్డ. చూపించి మాత్రం ఏం చెప్పను?

ఆవిడ లేచి నిలబడింది. "నన్ను తిట్టినా, రావడం మానేసినా నీ ఇష్టం అనుకునేదాన్ని. రంగు దగ్గర అబద్ధం చెప్పావు. ఇంక నీకూ నాకూ మాటల్లేవు." నేను మెట్ల దాకా వచ్చాక వెనక నుంచి మళ్ళీ అంది, మామూలు గొంతుతో, క్లాసులో చెప్పినట్టు: "నీవి రెండు బొమ్మలు ఇప్పుడు ఈ కళ్ళతో చూశా. రంగులు సరిగ్గా ఉన్నాయి. అంతకు మించి వాటిల్లో ఏం లేదు. మొక్క మీద ప్రేముంటే అలా వెయ్యరు."

అది నిజమా, నన్ను కొట్టడానికి అన్న మాటా? ఇన్నేళ్ళలో రంగు గురించి, గీత గురించి ఆవిడ ఒక్క అబద్ధం చెప్పి ఎరగదు. నేనే చెప్పాను. అందుకని ఆ మాటని అబద్ధమనుకునే వీలు కూడా నాకు లేకుండా పోయింది. ఆవిడ తమ్ముడు పంపించిన ఆ రెండు బొమ్మలూ గోడకి పెట్టుకుని ఎన్నోసార్లు చూశాను. ఒక రోజు ఆవిడ చెప్పింది నిజమనిపిస్తుంది, ఒక రోజు కాదనిపిస్తుంది. ఇంకొకరిని అడుగుదామంటే, చెప్పేవాళ్ళు నాలాంటి వాళ్ళైతే అన్న అనుమానం. ఏడాదిన్నర బ్రష్షు ముట్టలేదు. ముట్టాక కూడా, ఒక పొర ఆరేదాకా ఆగే ఓపిక పోయింది. ఇప్పుడు స్కూలు గోడలకి చార్టులు వేస్తాను. ఆకుపచ్చ ట్యూబు కొనుక్కున్నాను.

మేడమ్ మళ్ళీ వేస్తోందని విన్నాను. ఆ ఇరవై రెండు మొక్కలూ మొదటి నుంచి కొత్తగా వేస్తోందట. చెవిటికల్లు దాకా వెళ్ళి ఏటి ఒడ్డు మొక్కలు కూడా తెస్తోందట. ఇద్దరు డిగ్రీ పిల్లలు వచ్చి నేర్చుకుంటున్నారట.

పోయిన శ్రావణంలో ఒక రోజు ధైర్యం చేసి పేట వెళ్ళాను. క్షమించమని అడుగుదామనే. మేడమ్ తమ్ముడు కొట్లో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఇబ్బందిగా లేచి, "ఉండమ్మా, కనుక్కొస్తా" అని పైకెళ్ళాడు. రెండు నిమిషాల్లో దిగి వచ్చాడు.

"అక్క పడుకుంది తల్లీ. ఒంట్లో బాగోలేదంట" అన్నాడు, నా మొహం చూడకుండా.

పైన కుర్చీ జరిపిన చప్పుడైంది. ఆవిడ గొంతు, ఎవరో పిల్లని మందలిస్తూ, మెట్ల మీదుగా స్పష్టంగా వినపడింది: "ఆరలేదు. చెయ్యి పెట్టి చూడు. ఆగు."

ఆయనా విన్నాడు, నేనూ విన్నాను. కొట్లో బేరానికొచ్చినవాళ్ళు నలుగురు చూస్తున్నారు. ఊరికే వచ్చి ఊరికే వెళ్తే బాగోదని అరకిలో చింతపండు అడిగాను. ఆయన మంచిది ఏరి, గింజ లేనిది, తూకం కంటే కాస్త ఎక్కువే పొట్లం కట్టి ఇచ్చాడు. తీసుకుని బస్టాండుకి నడిచాను.